గ్రీన్‌హౌస్ అద్దం కేసులో నా సిక్సర్

1982 మే నెల. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో, నలుగురు లాయర్లున్న ఒక చిన్న ఆఫీసులో నేను అసోసియేట్‌ని. అంటే భాగస్వామిని కాను, జీతానికి పనిచేసే జూనియర్ లాయర్ని. ఆ నెలలో ఒక ఆదివారం నేను కొట్టిన సిక్సర్ బౌలర్ తల మీదుగా తిన్నగా వంద గజాలు ఎగిరి, పార్కు కంచె దాటి, ఎలెన్ అనే పెద్దావిడ పెరట్లోని గ్రీన్‌హౌస్ అద్దాన్ని పగలగొట్టింది. ఎంతైనా యూనివర్సిటీ జట్టుకు ఓపెనింగ్ బ్యాటింగ్ చేసిన చేతులు! నలభై ఏళ్లుగా ఈ కథ ఇలాగే చెబుతున్నాను.

ఆ అద్దాల గదిలో ఆవిడ టమాటా నారు పెంచుకుంటోంది. మర్నాడే ఫిర్యాదు చేసింది. ఆదివారాల్లో ఆడుకోవడానికి మాకిచ్చిన పర్మిట్ ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పమని టౌన్‌షిప్ పార్కుల కమిటీ నోటీసు పంపింది. చుట్టుపక్కల మమ్మల్ని రానిచ్చిన పార్కు అదొక్కటే. మా క్రికెట్ క్లబ్బులో అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. వారమంతా ఇంగ్లిషులో మర్యాదగా మసలి, ఆదివారం తెలుగులో గొంతు చించుకుని అరుచుకునేవాళ్లం. పర్మిట్ పోతే ఆ అరుపులూ పోతాయి.

క్లబ్బు ప్రెసిడెంటు రామ్మూర్తి మత్తు డాక్టరు, వికెట్ కీపరు, కాలేజీలో నా క్లాస్‌మేటు. ఫోన్ చేసి, "ఒరేయ్, వేరే లాయర్ని వెతకడం దేనికి? నువ్వున్నావుగా!" అన్నాడు. నేను వెంటనే సరేనన్నాను. తప్పు అక్కడే జరిగింది. కేసులోని విషయాలకు తానే సాక్షి కావలసివచ్చే లాయరు ఆ కేసు వాదించకూడదన్నది మా వృత్తిలో నియమం. వాదించే నోరూ, ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే నోరూ ఒకటి కాకూడదు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ పార్కుల కమిటీ కూడా ఒక కోర్టేనా అనుకున్నాను.

విచారణ రోజున కొత్త సూటు వేసుకుని వెళ్లాను. శనివారాల్లో అదే పార్కులో బేస్‌బాల్ ఆడతారు కాబట్టి, అద్దం పగలగొట్టిన బంతి ఎవరిదో తేలలేదని నా వాదన. ఎలెన్ హ్యాండ్‌బ్యాగు తెరిచి, తెల్లటి బేస్‌బాల్ కాదు, మా ఎర్ర క్రికెట్ బంతిని తీసి బల్ల మీద పెట్టింది.

అప్పుడే కూర్చోవలసింది. జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగవద్దని మా సీనియర్ వందసార్లు చెప్పి ఉంటాడు. అయినా అడిగాను: "ఇది కొట్టిన మనిషిని మీరు చూశారా?"

"చూశాను. మీరే," అంది. "కాళ్లకు తెల్ల దిండ్లు కట్టుకున్నారు. అద్దం పగిలాక బ్యాటు పైకెత్తి అందరికీ చూపించారు కూడా."

కమిటీ చైర్మన్ కళ్లజోడు తీసి, ఇంతకీ మీరు లాయరా, సాక్షా అని అడిగాడు. వెనక వరసలోంచి రామ్మూర్తి తెలుగులో అందుకున్నాడు: "అవుటయ్యావురా. వాక్ చెయ్యి."

మా రోజుల్లో బంతి బ్యాటుకు రాసుకుని క్యాచ్ వెళ్తే, అంపైర్ వేలెత్తేదాకా చూడకుండా బ్యాట్స్‌మన్ తనంతట తానే వెళ్లిపోవాలి. దాన్నే వాక్ చేయడం అంటారు. నేను వెంటనే పెన్ను కింద పెట్టి సాక్షి కుర్చీలోకి నడిచాను. అలా రాసుకోవాలని ఉంది గానీ, నిజానికి రెండు అభ్యంతరాలు చెప్పాను. రెంటినీ కొట్టేశాకే నడిచాను.

క్లబ్బు తరఫున నా స్థానంలో రామ్మూర్తి కూర్చున్నాడు. కమిటీవాళ్లు నాచేత ప్రమాణం చేయించి, పార్కు మ్యాపు ముందు పెట్టి, బంతి ఎక్కణ్ణుంచి ఎటు వెళ్లిందో పెన్సిలుతో గీయమన్నారు. పెన్సిలు కదలలేదు. ఎందుకంటే ఎలెన్ ఇల్లు బౌలర్ వెనక లేదు, నా వెనక ఉంది. షార్ట్ బంతి మొహం మీదికి వచ్చింది. కళ్లు మూసుకుని ఊపాను. టాప్ ఎడ్జ్, అంటే బ్యాటు పై అంచు తగిలి, కీపర్ తల మీదుగా వెనక్కి పోయింది. అదే చెప్పాను. పనిలో పనిగా మీకూ ఒకటి చెబుతాను: యూనివర్సిటీకి నేను ఆడింది ఒక్క మ్యాచి. మిగతావాటిలో మంచినీళ్లు మోశాను.

ఎలెన్ ముందుకు వంగింది. "అంటే మీరు మా ఇంటివైపు కొట్టాలనుకోలేదా?"

"లేదండీ."

"మరి అది ఫౌల్ బాల్ కదా!"

బేస్‌బాల్‌లో కొట్టేవాడి వెనక్కి పోయిన బంతిని ఫౌల్ అంటారు. ఆవిడ భర్త చాలాకాలం పిల్లలకు బేస్‌బాల్ నేర్పాడట. నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని, పార్కు రెండో చివర, బేస్‌బాల్ కొట్టేవాడి వెనక ఉండే ఎత్తైన ఇనప వల మీద సున్నా చుట్టింది. "ఇది కట్టిందే ఇందుకు. మీవాళ్లందరూ దీని ముందు నిలబడి కొట్టండి!"

క్రికెట్లో రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ ఉంటుందని రామ్మూర్తి మొదలుపెట్టబోయాడు. కుర్చీలోంచే గుడ్లురిమి వాణ్ణి ఆపాను. బ్యాట్స్‌మన్ ఎప్పుడూ ఆ వల ముందే ఉండేలా, ఇకనుంచి బౌలింగంతా ఒక్క వైపు నుంచే అన్న షరతు మీద పర్మిట్ నిలిచింది. నా వంద గజాల సిక్సరే నిజమై ఉంటే ఆపే వల ఎక్కడా లేదు, పర్మిట్ పోయేది.

ఆ తర్వాత నేను సాక్షి కాగల కేసు ఏదీ తీసుకోలేదు. ఏ క్లయింటైనా కథ మొదలుపెడితే, ముందు చేతికి మ్యాపూ పెన్సిలూ ఇచ్చేవాణ్ణి. నేర్చుకున్నది అంతే.

ఇది రాసి, రిటైరై అరోరా అనే ఊళ్లో ఉంటున్న రామ్మూర్తికి పంపాను. చదివి ఫోన్ చేశాడు.

"అంతా బానే ఉంది గానీ, టాప్ ఎడ్జేంట్రా? కీపర్ని నేను, నీ వెనకాలే ఉన్నా. అది నీ భుజానికి తగిలి నా నెత్తి మీంచి పోయింది. బ్యాటు తగిలిందని ప్రమాణం చేసి మరీ చెప్పావు. స్కోర్ బుక్‌లో లెగ్ బైస్ అని రాశాం. అందులో నీది ఒక్క పరుగు కూడా లేదు."