తక్కువ తాగే ప్రాసెసర్

ఆ వీధిలో అందరూ ఆయన్ని మైలేజీ మాస్టారు అంటారు. అలాగని ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. సిటీ బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. డిపో మొత్తంలో అందరికంటే తక్కువ డీజిల్‌తో బస్సు నడిపినందుకు ఏటా ఏదో ఒక బహుమతి కొట్టుకొచ్చేవాడు. గోడ గడియారాలు, ఫ్లాస్కులు, ఒకసారి ఇస్త్రీపెట్టె. వాళ్లింట్లో ఏ గదిలో నిలబడినా టైము తెలుస్తుంది, కాకపోతే ఒక్కో గదిలో ఒక్కో టైము.

మైలేజీ ఆయనకు పిచ్చి. అంత దూరాన ఎర్ర లైటు కనబడితే చాలు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి బస్సును దాని మానాన దొర్లనిచ్చేవాడు. వెనక జనం ఆఫీసులకు ఆలస్యమవుతోందని గోలపెట్టినా చెవిన పెట్టేవాడు కాదు. రిటైరయ్యాక ఆ పిచ్చి చెప్పులు విప్పుకుని ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరగకూడదు. ఫ్రిజ్ తలుపు తెరిచి ఆలోచించకూడదు, ఆలోచించుకున్నాకే తెరవాలి. భార్య ఈ రూల్సన్నీ శ్రద్ధగా విని, అక్కడికక్కడే మర్చిపోయేది.

ఆయనకు సర్వీసులో ఇంకో రూలు కూడా ఉండేది. సొంత మనుషులను తన బస్సు ఎక్కనిచ్చేవాడు కాదు. ఇంట్లోవాళ్లు వెనక కూర్చుంటే తన కళ్లు రోడ్డు మీద నిలవవని భయం. భార్య బజారుకు పోవాలన్నా, పుట్టింటికి పోవాలన్నా, ఈయన బస్సు వచ్చి ఆగితే ఆమె స్టాపులోనే నిలబడి వెనక బస్సు కోసం చూసేది. ఈయన స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించి వెళ్లిపోయేవాడు. పెళ్లయిన కొత్తలో ఆమెకు నవ్వొచ్చేది. తర్వాత ఒళ్లు మండేది. ఆ తర్వాత అలవాటైపోయిందని ఆయన అనుకున్నాడు.

అలవాటు కాలేదు. రిటైరయ్యే ఏడాది ఆమె నోరు తెరిచి అడిగింది. ఒక్కసారి, అందరితోపాటు, జనం కిటకిటలాడుతుండగా ఆయన బస్సులో కూర్చోవాలని ఉందంది. ఆఖరి రోజు ఎక్కించుకుంటానని ఆయన మాటిచ్చాడు. తీరా ఆ రోజు డిపో మేనేజరు, ఈ ఒక్కరోజన్నా హాయిగా కూర్చోండి అంటూ ఎంతో గౌరవంగా బండి లాక్కుని ఇంకొకడి చేతిలో పెట్టాడు. సాయంత్రం దాకా ఉపన్యాసాలు, చివర్లో ఇంకో గోడ గడియారం. స్టాపులో మంచి బట్టలు కట్టుకుని నిలబడ్డ ఆమె ముందు బస్సు ఆగేసరికి డ్రైవరు సీట్లో ఎవడో మీసాలవాడు ఉన్నాడు. ఆమె ఎక్కకుండా నడిచే ఇంటికొచ్చేసింది. వచ్చాక ఒక్క మాట కూడా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని ఆయన ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఆ బాధకు మందు బావమరిది పట్టుకొచ్చాడు. ఆమెకు స్వయానా తమ్ముడు, అదే డిపోలో మెకానిక్కు. కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఉందట. నిజం స్టీరింగు, నిజం పెడళ్లు, రోడ్లు, సిగ్నళ్లు, స్టాపుల్లో జనం. పెద్దాయన మొదట కొట్టిపారేశాడు. చిన్నపిల్లల ఆటలకు కూర్చునే వయసా నాది అన్నాడు. అరగంట తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికి బావమరిదిని లాక్కుపోయి, ఆ బస్సులో వెనక సీట్లు కూడా ఉంటాయా అని గుసగుసగా అడిగాడు. ఉంటాయని తెలిశాక ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. భార్య ఒక రేటు చెప్పి, అది దాటితే కంప్యూటరుతోపాటు కొన్నవాళ్లు కూడా బయటే పడుకోవాల్సి ఉంటుందని తేల్చేసింది.

జిరాక్సు షాపు మేడ మీద కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణం ఉంది. చెవి వెనక స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగే ఒక అమ్మాయి దాన్ని నడుపుతుంది. వీళ్లు చెప్పిన రేటు విని ఆమె ముఖం చిట్లించలేదు, అది ఆమె మంచితనం. ఉన్నంతలో ఎలా సర్దాలో వివరంగా చెప్పింది. రోడ్లూ భవనాలూ బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు, అది ఒక మాదిరిది వేసుకున్నా గడిచిపోతుంది. కానీ బస్సెక్కే ప్రతి మనిషీ ఎటు నడవాలి, పక్క కారు ఎప్పుడు మలుపు తిరగాలి, ఇవన్నీ ఆలోచించాల్సింది ప్రాసెసర్. జనం ఎక్కువుండే ఆట కాబట్టి దాంట్లో పీనాసితనం పనికిరాదంది. ప్రాసెసర్లవి రెండు పెట్టెలు బల్ల మీద పెట్టింది. ఒకటి ఆరు కోర్లది, అంటే ఆలోచించే బుర్రలు ఆరున్నది, ఇంకొకటి నాలుగు కోర్ల పాతది.

కోరంటే సిలిండరే కదా అని బావమరిది రంగంలోకి దిగాడు. ఆరు సిలిండర్ల ఇంజన్లో ఒకటి మూలబడితే మిగతా అయిదుతో బండి డిపోకు చేరుతుందా అని అడిగాడు. ఎన్ని కిలోమీటర్లకు బోరు చేయించాలో అడిగాడు. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. ఆ అమ్మాయి అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెబుతూనే పెట్టెను మెల్లగా వెనక్కి తీసుకుంది. పెద్దాయన మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఈ రెండిట్లో ఏది తక్కువ తాగుతుందమ్మా?"

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. కరెంటు అని బావమరిది అందించాడు.

"నాలుగు కోర్లది సగమే తీసుకుంటుంది అంకుల్. కానీ మీ ఆటకి అది చాలదు. ధరలో కూడా పెద్ద తేడా లేదు."

"ధరదేముందమ్మా, తాగుడు చూడాలి. అదిచ్చెయ్."

ఆమె ఇంకో రెండుసార్లు చెప్పి చూసింది. మైలేజీ అన్న మాట చెవినపడ్డాక ఆయనకు ఇంకేదీ వినిపించదని ఆ పిల్లకేం తెలుసు, పాపం.

ఆదివారం ముందుగదిలో అంతా సిద్ధమైంది. టేబుల్ అంచుకు స్టీరింగు, కింద పెడళ్లు, ఆయన కుర్చీకి వెనక కాస్త పక్కగా ఇంకో కుర్చీ. రమ్మని పిలవబోతుండగానే భార్య లోపల్నుంచి వచ్చింది. మంచి బట్టలు కట్టుకుని, బయటికెళ్లే చెప్పులు వేసుకుని, హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని ఉంది. వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఆయన బండి తీశాడు.

మొదటి స్టాపులో ముగ్గురే ఎక్కారు. బస్సు చక్కగా సాగింది. రెండో స్టాపులో పదిమంది దాకా ఎక్కేసరికి తెర కాస్త నత్తి నత్తిగా కదిలింది. మూడోది మార్కెట్టు స్టాపు. తలుపు తెరవగానే జనం తోసుకుంటూ వచ్చారు, వచ్చి అలాగే బిగుసుకుపోయారు. ఒక లావాటాయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో పెట్టుకుని ఉండిపోయాడు. ఎవరిదో హారన్ ఆగకుండా మోగుతోంది. పెద్దాయన గేరు మార్చాడు, క్లచ్చి తొక్కాడు, స్టీరింగు మీద మెల్లగా తట్టాడు. లావాటాయన ఒక బెత్తెడు ముందుకు కదిలి మళ్లీ ఆగాడు.

ఆమె చాలాసేపు ఓపిక పట్టింది. తర్వాత లేచి హ్యాండ్‌బ్యాగు సర్దుకుంది.

"మీరు నిదానంగా రండి. నేను వెనక బస్సులో వస్తా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెటకారంగా అన్నా బాగుండేది. ఎప్పటిలా మామూలుగానే అంది, అందుకే ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. ఆమె చెప్పులు విప్పుతున్న చప్పుడు ముందుగదిలోకి వినబడింది.

మర్నాటి నుంచి మరమ్మతులు మొదలయ్యాయి. ఇంట్లో మిగతావన్నీ ఆపేస్తే ప్రాసెసర్‌కు కరెంటు పుష్కలంగా అందుతుందని ఆయనకు తట్టింది. ఫ్యాన్లు ఆపాడు, లైట్లు ఆపాడు, చివరికి ఫ్రిజ్ కూడా ఆపాడు. లావాటాయన మెట్టు దిగలేదు, ఎక్కలేదు. ఫ్రిజ్‌లోంచి నీళ్లు మాత్రం వంటింట్లో మడుగు కట్టాయి. బావమరిది వచ్చి ఆటలో ప్రయాణికుల సంఖ్య తగ్గించే మీట ఒకటి కనిపెట్టాడు. జనాన్ని సున్నా చేస్తే బస్సు వెన్నలా సాగింది. అక్క ఒక్కత్తే దర్జాగా కూర్చుంటుంది కదా బావా అన్నాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఆమె అడిగింది అందరితోపాటు అని, ఖాళీ బస్సులో తిప్పితే ట్రయలు రన్ను అవుతుంది గానీ సర్వీసు ఎలా అవుతుందని కసిరాడు.

ఇక గత్యంతరం లేక మళ్లీ మేడ మెట్లెక్కాడు. నాలుగు కోర్ల ప్రాసెసర్‌ను ఆ అమ్మాయి ఎదుట బల్ల మీద పెట్టాడు. నేను చెప్పలేదా అని ఆమె అననేలేదు. పాతది తీసుకుని, పైన కొంత డబ్బు కట్టించుకుని ఆరు కోర్ల పెట్టె ముందు పెట్టింది.

"ఇది బాగా తాగుతుంది అంకుల్, ముందే చెబుతున్నా."

ఆయన పెట్టె వైపు చూశాడు. మనిషి లోపల ఎంత నలిగాడో పైకి తెలియలేదు.

"తాగనీలేమ్మా" అన్నాడు.

బిగించే పని తను చూసుకుంటానని బావమరిది పట్టుబట్టాడు. ఇంజన్లు దించి ఎక్కించినవాడికి ఇదొక లెక్కా అని అతని ధీమా. ఆ అమ్మాయి ఒక బుల్లి ట్యూబు చేతికిచ్చి, ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత పెట్టి పైన ఫ్యాను బిగించాలని, వేడిని లాగే పేస్టు అదేనని చెప్పింది. బావమరిది మొహం వెలిగిపోయింది. గ్రీజన్నమాట, ముందే చెప్పొచ్చుగా అన్నాడు. చక్రాల బేరింగుల్లో దోసెడేసి గ్రీజు కూరడం తప్ప ఆ చేతులకు బఠాణీ గింజ లెక్కలు తెలియవు. ఇంటికొచ్చి ట్యూబు మొత్తం పిండేశాడు. చాలదనిపించి డిపో నుంచి డబ్బా తెస్తానని లేచాడు గానీ పెద్దాయన చొక్కా పట్టుకుని ఆపాడు. ఫ్యాను నొక్కి బిగించేసరికి పేస్టు నాలుగు వైపులా పొంగి బోర్డు మీదా, సందుల్లోనూ పారింది. కంప్యూటర్ ఊపిరి పీల్చనేలేదు.

ఇద్దరూ కంప్యూటర్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో మళ్లీ షాపుకు చేరారు. ఆ అమ్మాయి మూత తీసి చూసి, కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత దూది పుల్లలు ముందేసుకుని మధ్యాహ్నమంతా తుడుస్తూ కూర్చుంది. బఠాణీ అన్నాను కదా అంటే, మా డిపోలో ఇంతకన్నా తక్కువ రాస్తే మెమో ఇస్తారని బావమరిది గొణిగాడు. సాయంత్రానికి పెట్టె బతికింది.

ఈసారి భార్య మంచి బట్టలు కట్టుకోలేదు. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్టవ్ మీద పాలున్నాయని చెప్పి కుర్చీ అంచున కూర్చుంది. మార్కెట్టు స్టాపు వచ్చింది. తలుపు తెరిచాడు. లావాటాయన రెండు కాళ్లూ లోపల పెట్టి, చకచకా నడిచి వెళ్లి సీట్లో కూర్చున్నాడు. వెనకే గుంపంతా ఎక్కేసింది. బస్సు కిటకిటలాడుతూ కదిలింది. బావమరిది వెళ్లి స్టవ్ ఆపొచ్చాడు.

ఇక పెద్దాయన రెచ్చిపోయాడు. రౌండు పార్కు చుట్టూ ఒకే చేత్తో తిప్పాడు. లారీల మధ్య సందులోంచి సూదిలో దారంలా దూర్చాడు. ఫ్లైఓవరు ఎక్కించాడు. వెనక నుంచి చిన్న సవ్వడి కూడా లేదు. తన పనితనం చూసి ఆమెకు నోట మాట రావడంలేదనుకుని పొంగిపోయాడు.

"ఏవండీ, కాస్త ఆపండి" అంది ఆమె.

"స్టాపు ఇంకా రాలేదే."

"కడుపులో తిప్పేస్తోంది."

ఏ బస్సులోనూ తల తిరగని మనిషికి, అంగుళం కూడా కదలని కుర్చీలో తల తిరిగింది. స్టాపు కానిచోట ఆయన డిపో మేనేజరు కోసం కూడా బండి ఆపినవాడు కాదు. ఇప్పుడు ఫ్లైఓవరు నడినెత్తిన బ్రేకు తొక్కేశాడు. వెనక కార్లన్నీ ఒక్కసారిగా హారన్లు అందుకున్నాయి. బస్సులో జనం సణిగారు. తెర మీద ఎర్రగా మార్కులు తెగిపోతున్నాయి. అందర్నీ అక్కడే వదిలేసి ఆయన నీళ్లు తెచ్చాడు, ప్రాసెసర్ వచ్చిన అట్టపెట్టె మూతతో విసిరాడు. ఇన్నేళ్లకు ఒక్కసారి ఎక్కించుకుంటే ఇలా చేశానే అని తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆమె మోకాళ్ల మీదికి తల వాల్చుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆయన హడలిపోయాడు. తీరా చూస్తే నవ్వుతోంది.

"ఇన్నాళ్లూ నన్ను ఎక్కించుకోకుండా ఎంత పుణ్యం కట్టుకున్నారండీ" అంది.

"అయితే ఇక దిగిపోతావా?" అన్నాడాయన.

"ఎక్కేదాకానే కష్టపడ్డాను, దిగడమెందుకు? కిటికీ పక్క సీటు ఇవ్వండి, గాలి తగిలితే తగ్గిపోతుంది."

ఆయనా బావమరిదీ టేబుల్ చెరో పక్కా పట్టుకుని, వైర్లు ఊడిపోకుండా, అంగుళం అంగుళం జరుపుతూ వీధి వైపు కిటికీ దగ్గరికి చేర్చారు. ఫ్లైఓవరు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆమె కుర్చీ తెచ్చుకుని కిటికీ పక్కన వేసుకుంది. రెక్కలు బార్లా తెరిచి, మోచెయ్యి చట్రం మీద ఆనించి, మొహం బయటి గాలికి పెట్టింది.

"ఇక పోనివ్వండి" అంది.