మంచినీళ్లు తాగుతావా?

పోపులో ఎండుమిర్చి మాడింది. ఆ ఘాటుకు దగ్గుతూనే, నేను రాస్తున్న కథలో తమ్ముడు అన్నతో "నిన్ను చంపేస్తా" అని అరిచే మాట కొట్టేశాను. అరిచేవాడు చంపడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో నాన్నా, బాబాయీ పొలం గట్టు కోసం పొద్దున్నించీ అరుచుకుంటున్నారు.

"ఒరేయ్, గట్టు మీద కాలు పెడితే నరుకుతా!" అన్నాడు నాన్న.

"రా, నరుకు చూద్దాం!" అన్నాడు బాబాయి.

మా ఊళ్లో అవి రోజూ వినే మాటలే. నేను తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాను.

ఉన్నట్టుండి బాబాయి గొంతు తగ్గించాడు. "ఎండగా ఉంది అన్నయ్యా, మంచినీళ్లు తాగుతావా?"

గొడవ తీరిపోయిందనుకున్నాను. సంబరంగా కుండ దగ్గరికి పరిగెత్తి చెంబు ముంచాను. తిరిగొచ్చేసరికి నాన్న మిరపకాయల మీద బోర్లా పడి ఉన్నాడు. బాబాయి చేతిలో పార ఉంది. అంత ఎరుపులో నెత్తురేదో నాకు తెలియలేదు.

"నాన్నా, నీళ్లు" అన్నాను. నాన్న లేవలేదు.

కొట్టేసిన చోట బాబాయి మాటే రాశాను. చెంబు పట్టుకున్న పిల్లను మాత్రం ఇవాళ కూడా కథలోకి రానివ్వలేదు.