చెయ్యి పట్టుకునే ఆట

మోకాళ్లు పాడైన పీఈటీ టీచరుకి స్కూల్లో ఏం విలువుంటుంది? విజిల్ ఊదడానికీ, పంద్రాగస్టుకి పిల్లల్ని లైన్లో నిలబెట్టడానికీ పనికొస్తుంది. మహబూబాబాద్ దగ్గర ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో నా సంగతి అంతే. వారమంతా అక్కడ, సెలవురోజు రైలెక్కి జనగామలో ఇంటికి. నాతో ఉండే ఆవిడ అక్కడి దవాఖానలో నర్సు. ఇంటి ఓనరుకు మేం అక్కాచెల్లెళ్లం. మా చుట్టాలకు స్నేహితులం. ఆమె చుట్టాలకు నేను కిరాయి పంచుకునే టీచరమ్మను. ఒక్కో గుమ్మానికి ఒక్కో చుట్టరికం. ఎవరికి ఏం చెప్పామో గుర్తుపెట్టుకోవడంలోనే నా ఓపిక సగం పోయింది.

ఆ ఏడు మా కబడ్డీ జట్టులో టేకుమట్ల దిక్కు తండా నుంచి వచ్చిన పదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. మూలన నిలబడి అవతలివాళ్ల కాలు దొరకబుచ్చుకుందంటే వదిలేది కాదు. తనకు అమ్మాయిలంటేనే ఇష్టమని ఎవరినో నమ్మి చెప్పుకుంది. సాయంత్రానికల్లా ఆ మాట హాస్టలంతా పాకింది. ఆమె పక్క మంచాలు ఖాళీ అయ్యాయి. స్నానానికి పోతే లోపలున్నవాళ్లు కేకలేస్తూ బయటికొచ్చేవాళ్లు.

కబడ్డీలో కూతకొచ్చిన మనిషిని ఆపాలంటే ఇవతలివాళ్లు చేతులు పట్టుకుని నిలబడాలి. దాన్ని చైన్ అంటాం. మా పిల్లలు ఆమె చెయ్యి పట్టుకోవడం మానేశారు. అవతలివాళ్లు ఆ సందులోంచే దూరిపోయేవాళ్లు. రోజూ ఓడిపోవడానికైనా ఒప్పుకున్నారు గానీ చెయ్యివ్వడానికి ఒప్పుకోలేదు. నాకు ఒళ్లు మండేది.

ప్రిన్సిపాల్ మేడం ఒక ఉపాయం చెప్పింది. ఆ పిల్లనే కూతకు పంపండి, కూతకు పోయేది ఒక్కతే కదా, ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు అంది. బానే ఉంది. కానీ పోయిన మనిషి తిరిగి రావాలి కదా. పాయింట్లు తెచ్చి, వెనక గీత దగ్గర ఒక్కతే నిలబడేది.

భూపాలపల్లిలో పోటీలు దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం ఆమె నా గదికొచ్చింది. "భూపాలపల్లికి మా బాపు వస్తుండు మేడం. ఆట అయినంక అటే ఇంటికి పోత. ఇగ రాను" అంది. పోయి ఏం చేస్తావంటే, మిరపకాయ ఏరతానంది. పెళ్లి చేస్తారేమో అని కూడా అంది. తర్వాత నేలచూపులు చూస్తూ, "గిది ఎన్నడన్న తక్కువైతదా మేడం?" అని అడిగింది.

తగ్గుతుందంటే అబద్ధం. అబద్ధాల్లో నాకు కొదవ లేదు గానీ ఆ పిల్లకి చెప్పబుద్ధి కాలేదు. జనగామలో ఉన్నావిడ గురించి చెప్పాను. చారులో చింతపండు ఎక్కువ పోస్తుందనీ, ఫ్యాను స్పీడు కోసం రోజూ కొట్లాడుకుంటామనీ, నాకు జ్వరమొస్తే సెలవు పెడుతుందనీ చెప్పాను. ఆ పిల్ల నోరు తెరుచుకుని విన్నది. ఇట్లా కూడా బతకొచ్చని ఆమెకు అంతదాకా ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ప్రాక్టీసులో ఆమె పక్కన నేనే నిలబడి చెయ్యి పట్టుకున్నాను. రెండో చెయ్యి కెప్టెన్ పిల్ల వైపు చాపాను. కెప్టెన్ కదల్లేదు. "అంటుకుంటదంటున్నరు మేడం" అంది.

"అంటుకునేదైతే మీ అందరికి నా తానకెల్లే అంటుకుంటుండె. నేను పుట్టినప్పటి సంది గిట్లనే ఉన్న."

నా చెయ్యి గాల్లోనే ఉంది. అన్నాక భయమేసింది. కుండ మూతి మూయొచ్చు గానీ లోకం మూతి మూయలేం, ఈ మాట జనగామ దాకా పోతుంది. అయినా విజిలేశాను. కూతకొచ్చిన పిల్ల మా మూలకే వచ్చింది. ఇద్దరం కలిసి పట్టేశాం, ముగ్గురం కిందపడ్డాం. నా మోకాలు కలుక్కుమంది. కెప్టెన్ పరుగెత్తుకొచ్చి లేపడానికి చెయ్యిచ్చింది. లేచాక నేను వదల్లేదు. ఆమె లాక్కోలేదు.

భూపాలపల్లిలో కెప్టెన్ ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. మొహం గంటుపెట్టుకునే పట్టుకుంది, కానీ ఆట అయ్యేదాకా వదల్లేదు. ఓడిపోయాం, ఆ మూలలోంచి మాత్రం కాదు.

ఆ పిల్ల బాపు ఆమె రేకుపెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. తండ్రీకూతుళ్లు వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివరికి ఆయన పెట్టెను భుజానికెత్తుకుని, మా బస్సెక్కి, సీటు కింద పెట్టి దిగిపోయాడు. ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

రేగొండ దాటాక జనగామకు ఫోన్ చేశాను. అందరి ముందూ చెప్పేశాను, ఇక ఊరంతా తెలుస్తుంది, ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమన్నా అనొచ్చు అన్నాను.

"పోనీ తియ్" అంది ఆవిడ. "ఇగ ఒక్క చుట్టరికమే యాది పెట్టుకుంటే సాలు."