రెల్లు, రాత్రి కోతి

మంజీర ఒడ్డున పెరిగే రెల్లుగడ్డిని దక్షిణ అమెరికా అడవిలోని ఒక కోతితో పోల్చవలసిన అవసరం ఎవరికీ ఉండదు. నాకు ఉండింది. రెల్లు నేను. కోతి మా తమ్ముడు.

ఆ కోతి గురించి నిజామాబాద్ లైబ్రరీలో చదివాను. అరవైల్లో అక్కడ హాస్టల్లో ఉండి హైస్కూలు చదివేవాణ్ని. అది పగలు పడుకుని రాత్రి తిరుగుతుందట. ఈతకు ఒక్కటే పిల్ల. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి దాన్ని వీపున వేసుకుంటాడు. పాలకు మాత్రం తల్లి దగ్గరికి పోతుంది. పుస్తకం మూసేశాను. అది మా ఇంటి సంగతే.

మాది బోధన్ దగ్గర చెరకు పండించే ఊరు. తమ్ముడికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. రాత్రిళ్లు నిద్రపట్టక పెద్ద కళ్లు విప్పుకుని కూర్చునేవాడు. మా నాన్న, బాపు, వాణ్ని భుజం మీంచి దించేవాడు కాదు. ఏటా చేలో గుడిసె కప్పడానికి రెల్లు కోయబోతే, తిరుగుదారిలో మోపు నా నెత్తిన, తమ్ముడు బాపు భుజాన.

"నా కాళ్లు గూడ నొస్తున్నయి బాపూ," అనేవాణ్ని.

"వాడు నడువలేడు రా. నువ్వు నడుస్తవు గద."

నడవగలగడం నా తప్పయింది.

సెలవుల్లో ఇంటికి వచ్చి తమ్ముడికి కోతి సంగతి చెప్పాను. "గది నువ్వే," అన్నాను.

"మరి నువ్వో, అన్నా?"

"రెల్లు. ఎవలు నాటకున్నా మొలుస్తది."

వాడు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "గడ్డినెవలు మోస్తరన్నా!"

పక్కనే కొడవలి నూరుతున్న బాపు, "మోస్తం బిడ్డా. కోసినంక," అన్నాడు.

చెరకు, రెల్లు ఒకే జాతి అని తర్వాత ఎక్కడో చదివాను. ఒకదానికి నీళ్లు కట్టి, ఎరువేసి, బండికెత్తి ఫ్యాక్టరీకి తోలతారు. ఆ చదువు కూడా నాకు మేలు చేయలేదు.

తమ్ముడు సరిగా మీసం రాకముందే పోయాడు. రెల్లు పూసిన రోజులు. ఆ పూలను చూసి వెన్నెల కాసినట్టుందంటారు. నాకు గడ్డే కనిపించింది. తండ్రి కొడుకు పాడె మోయరాదని కులపెద్దలు ఆపారు.

"వాడు నడువలేడు. నేనే మోస్త," అని బాపు పాడెకు భుజం పెట్టాడు.

నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్న నాకు ఏడుపుకంటే ముందు వచ్చింది అసూయ.

తిరిగి వస్తూ, నది ఒడ్డు ఎక్కలేక బాపు నా భుజం పట్టుకున్నాడు. బరువంతా వేశాడు. నాకు తెలిసి అదే మొదటిసారి.

"ఎనుకకు సూడొద్దు బాపూ," అన్నాను.

కాటి నుంచి వచ్చేటప్పుడు చూడరాదన్నది ఆచారమే. కానీ నేను ఆచారం కోసం అనలేదు.

బాపు నా భుజం మీద చేయి తీయకుండానే వెనక్కి చూశాడు.