అక్క ఇచ్చిన కిడ్నీ, నేను రాసిచ్చిన కాగితం

ఒక సోమవారం పొద్దున షాపుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకోబోతే కాళ్ళు పట్టలేదు. బెంగళూరు మారతహళ్ళిలో కార్లకు సీట్ కవర్లు కుట్టే షాపు నాది. రోజంతా మిషన్ దగ్గర కూర్చుంటాను కదా, వాచాయిలే అనుకున్నాను. నాలుగు రోజులకు ముఖం ఉబ్బింది, మూత్రం నురగ కట్టింది. రక్తపరీక్షలో, ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది దాటింది. నెఫ్రాలజీ డాక్టరమ్మ రిపోర్టు చూసి, "రెండు కిడ్నీలూ దాదాపు అయిపోయాయి. డయాలిసిస్ మొదలుపెట్టాలి" అంది. అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు.

పద్నాలుగు నెలలు డయాలిసిస్ మీద బతికాను. నీళ్ళు కొలిచి తాగాలి, దాహమేస్తే మంచుముక్క చప్పరించేవాణ్ణి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది సావిత్రక్క. బావ కూడా పోయాక మా పై వాటాలోనే ఉంటోంది. ఆమె కిడ్నీ నాకు సరిపోయింది. ఆసుపత్రి కమిటీ వాళ్ళు అక్కను కెమెరా ముందు కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగారు. "నా తమ్ముడప్పా. దీంట్లో బలవంతమేముండాది?" అందట. ఇవ్వడానికి అక్క ఎన్ని సంతకాలు పెట్టిందో లెక్కలేదు. పోగొట్టడానికి నా సంతకం ఒక్కటి చాలింది.

ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక డాక్టరమ్మ మాత్రలు చేతికిచ్చి, "ఇవి మానితే మీ ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని పట్టేసి చంపేస్తుంది. జీవితాంతం వేసుకోవాల్సిందే" అంది. మూడేళ్ళు వేసుకున్నాను. క్రియాటినిన్ ఒకటింబావు మించలేదు. కాకపోతే టాక్రోలిమస్ అనే మాత్రతో చేతులు వణికేవి. సూదిలో దారం ఎక్కేది కాదు, కుట్టు వంకర పోయేది. షాపులో పనివాళ్ళు నా కుట్టు విప్పి, నాకు తెలియకుండా మళ్ళీ కుట్టేవాళ్ళు. ఒకరోజు చూసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అది విని అక్క నన్ను తన స్వామి దగ్గరికి తీసుకెళ్ళింది. ఊరి బయట ఆశ్రమం, గురువారాలు దర్శనం. మెత్తగా మాట్లాడతాడు, రూపాయి అడగడు. నేను, అక్క, ఆయన, ముగ్గురమే ఉన్నాం గదిలో. నా వణికే చేతులు పట్టుకుని చూశాడు.

"అక్క రక్తమే కదప్పా తమ్ముడిలో ఉండాది. సొంత రక్తానికి మాత్రల కాపలా ఎందుకు? నలభై ఎనిమిది దినాలు దీక్ష పట్టు. మాత్రలు పక్కన పెట్టు. మిగతాది నేను చూసుకుంటా."

ఆ ఆశ్రమంలో దీక్షకు ముందు భక్తుడు తన చేత్తో సంకల్పం రాసి, తాంబూలంలో పెట్టి, స్వామి పాదాల దగ్గర ఉంచాలి. ఏం రాయాలో గది బయట శిష్యుడు చెప్పాడు. "నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా, నా మందులు మాని దీక్ష తీసుకుంటున్నాను." చేయి వణుకుతున్నా గుండ్రంగా రాసి, కింద సంతకం పెట్టాను. చిన్నప్పటినుంచి ఏ పూజకైనా పేరు, గోత్రం చెప్పి సంకల్పం చేసినవాణ్ణి. ఇదీ అలాంటిదే, దేవుడికే రాస్తున్నాననుకున్నాను.

మా ఆవిడ సుజాత, డాక్టరమ్మకు ఒక్క ఫోన్ చెయ్యమని బతిమాలింది. నీకు నమ్మకం లేకపోతే నోరు మూసుకో అన్నాను. అవే మాటలు అన్నాను, తగ్గించి రాయడం లేదు.

రెండు వారాలకు వణుకు పోయింది. మాత్ర మానితే దాని వణుకు పోతుంది, అందులో మహిమ ఏమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒక సీటు మొత్తం నేనే కుట్టి, వీధిలో కనిపించిన వాళ్ళందరికీ చూపించాను.

ఇరవై మూడో రోజుకు నాలుగు కిలోలు బరువు పెరిగాను. కొత్త కిడ్నీ పెట్టిన చోట, పొత్తికడుపు కుడివైపున, నొప్పి మొదలైంది. అక్క ఆశ్రమానికి ఫోన్ చేసింది. మలినం బయటికొస్తోంది, దీక్ష విడవొద్దని స్వామి చెప్పించాడు. ఇంకో తొమ్మిది రోజులు ఆ మాట మీదే ఉన్నాను. ఆ తర్వాత ఊపిరాడక పడిపోతే సుజాత నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

క్రియాటినిన్ ఎనిమిది. బయాప్సీ చేశారు. డ్రిప్‌లో స్టెరాయిడ్ ఎక్కించారు, ప్లాస్మా మార్చారు. వారం తర్వాత డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "గ్రాఫ్ట్ పోయింది" అంది. అంటే అక్క ఇచ్చిన కిడ్నీ. తిట్టలేదు. తిడితే బాగుండేది. డిశ్చార్జ్ సమ్మరీలో కారణం దగ్గర "నాన్ కంప్లయన్స్" అని రాసి ఉంది. అంటే రోగి మందులు మానేశాడు, అంతే. అందులో స్వామి లేడు.

నేను ఒక లాయరును పెట్టుకుని పోలీసు కంప్లయింట్ ఇచ్చాను. స్టేషన్‌కు ఆశ్రమం తరఫు లాయరు నా సంకల్పం తెచ్చాడు, చక్కగా లామినేషన్ చేయించి. తెలుగు చదవడం రాని ఇన్‌స్పెక్టర్ దాన్ని చదివించుకుని, ఈ అక్షరాలు నీవేనా అని అడిగాడు. నావే అన్నాను.

మా లాయరు నన్ను బయటికి తీసుకెళ్ళి, "వైద్యం మాన్పించి మంత్రంతో నయం చేస్తానంటే శిక్షించే చట్టం ఉండాదప్పా. కానీ మాన్పించినాడని నువ్వు కాక ఇంకొకరు చెప్పల్ల. గదిలో ఎవరుండారు?" అన్నాడు. అక్క ఉంది, ఇంక భయం లేదు అనుకున్నాను.

మర్నాడు అక్క వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అడగకముందే, "స్వామి ఆశీర్వాదం చేసినారు, అంతే. మాత్రల ఊసే ఎత్తలేదు" అంది. నావైపు చూడలేదు. కింద సంతకం పెట్టింది. సాక్ష్యం లేదని కంప్లయింట్ మూసేశారు.

ఇద్దరం ఒకే ఆటోలో ఇంటికొచ్చాం. నా రిపోర్టుల సంచి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నడుస్తున్న ఆటోలోంచి ఆమెను తోసెయ్యాలనిపించింది. నన్ను పెంచిన మనిషి మీద నాకు పుట్టిన ఆలోచన అది.

ఇప్పుడు ఆశ్రమంలో సంకల్పానికి అచ్చు ఫారం వచ్చిందట. కింద సాక్షి సంతకానికి కూడా చోటు ఉందట. అక్కే చెప్పింది. గురువారాలు ఆ ఫారాలు పంచే సేవ ఆమెదే.

నాకు మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. గురువారం తప్ప మిగతా రెండు రోజులూ అక్క ఉప్పు లేని ఇడ్లీ తెచ్చి నా పక్కన కూర్చుంటుంది. పోయిన నెల ఉండబట్టలేక అడిగేశాను, ఎందుకు అబద్ధం చెప్పావని.

"ఇంకొకటి ఉండాది కదప్పా నా దగ్గర. కావాలంటే అదీ తీసుకో, రేపే ఇస్తా. స్వామి మీద మాట మాత్రం అడగొద్దు" అంది.

ఇడ్లీ తుంచి నా నోట్లో పెట్టింది. ఒక చేతికి సూదులున్నాయి, రెండో చేతికి బీపీ పట్టీ ఉంది. ఉమ్మెయ్యాలనిపించింది. మింగాను.

ఇది చదివేవాళ్ళకు ఒక్కటి చెప్తాను. ఎవరైనా మీ మందు మానమంటే, ఆ మాట వాళ్ళ చేత్తో రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. మా డాక్టరమ్మ అర మాత్ర తగ్గించినా రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చేది. స్వామి నాకు చీటీ ముక్క కూడా ఇవ్వలేదు, నా చేత రాయించుకున్నాడు. మీ చేత రాయించుకునేవాడు ఎదురైతే దండం కూడా పెట్టకండి. చెప్పులు వేసుకుని బయటికి వచ్చెయ్యండి. నాకు ఇప్పుడు మళ్ళీ చెప్పులు పట్టడం లేదు.