ఆళ్ళగడ్డ టీచరమ్మ ఇంటి తివాచీ

1979లో నంద్యాలలో నాకు చిన్న డ్రైక్లీనింగ్ షాపు ఉండేది. పేరుకే డ్రైక్లీనింగ్. పట్టుచీరలు, కోట్లు తప్ప మిగతాదంతా నీళ్ళపనే. వానాకాలంలో తడిసిన తివాచీ వచ్చిందంటే చూస్తూనే నడుము నొప్పి మొదలయ్యేది. పొడిదాన్ని ఒక్కడు మోస్తాడు, తడిసినదానికి ముగ్గురు కావాలి.

ఆ ఏడు వానల్లో ఆళ్ళగడ్డ నుంచి సుగుణమ్మ అనే టీచరమ్మ వచ్చింది. మిద్దె కారి ఇంట్లో తివాచీ తడిసిందట, ముక్కవాసన కొడుతోందట.

"పారేయమని అందరూ చెప్తాండారన్నా. మా ఆయనకు అది లేకుంటే జరగదు" అంది.

ఎందుకో వాళ్ళింటికి వెళ్ళాక తెలిసింది. భర్త దేవదానం ఒకప్పుడు లారీ డ్రైవరు. చూపు పోయి ఆరేళ్ళు. చర్చిలో కొత్త తివాచీ వేసినప్పుడు పాతది వీళ్ళకిచ్చారు. దాన్ని గోనెపట్టాల మీద మంచం నుంచి వాకిలి దాకా పరిచారు. కాలికింద మెత్తగా తగులుతున్నంతసేపూ ఆయన ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచేవాడు.

దాన్ని బస్సు టాపు మీద వేసుకొచ్చి, కుంకుడు రసంతో ఉతికి, మేడ మీద ఆరేశాను. రెండు రోజులు ఎండ, మూడో రోజు మబ్బు. పైన ఊలు పొడిగానే ఉంది. బ్యాకింగ్, అంటే అడుగున అతికించిన జనపనార గుడ్డ, ఇంకా చల్లగా ఉంది. నా చేతికి ఆ సంగతి తెలిసింది. కానీ అప్పటికే ఒళ్ళు అలిసిపోయింది. అత్తరు చల్లి, తీసుకెళ్ళి ఆ పట్టాల మీదే పరిచేశాను.

దేవదానం దాని మీద నిలబడి గాలి పీల్చాడు. "అత్తరు కింద ఇంకేందో ఉండాదప్పా."

"ఉతికిన వాసనే అన్నా. రెండు రోజుల్లో పోతాది" అన్నాను.

పది రోజులకు సుగుణమ్మ మళ్ళీ షాపుకొచ్చింది. ఊపిరాడక భర్తను నంద్యాల ఆసుపత్రిలో చేర్చారట. "ఇంట్లో బూజు ఉండాదా అని డాక్టరు అడిగినాడన్నా" అంది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు ఆమెతో ఆళ్ళగడ్డ వెళ్ళి తివాచీ ఎత్తాను. పట్టాలు నల్లగా కుళ్ళి ఉన్నాయి. బ్యాకింగ్ నిండా ఫంగస్, తెల్లగా, పచ్చగా. బండల సందుల్లో వేలు పెడితే తడి తగిలింది. తివాచీని మళ్ళీ ఉతికి లాభం లేదు. ఉతికి తెచ్చినరోజే పట్టాలెత్తి చూసి ఉంటే ఆ మాట అప్పుడే చెప్పేవాణ్ణి.

ఆసుపత్రికెళ్ళి దేవదానానికి ఉన్నదున్నట్టు చెప్పాను. బ్యాకింగ్ తడి నాకు తెలుసని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు దగ్గాడు.

"అది తీసేస్తే నేనెట్ల నడవల్ల?"

"కాలికి ఏం తగిలితే చాలన్నా? మెత్తగానే ఉండల్లా?"

"మెత్తనెందుకప్పా! పక్క బండ కంటే వేరుగా ఉంటే చాలు."

మళ్ళీ కారకుండా వాళ్ళు మిద్దె మీద చవుడు మట్టి కొట్టించారు. నేను పట్టాలూ తివాచీ కాల్చేసి, బండలు కడిగి, కిటికీలు తెరిచి వారంపాటు గది ఆరనిచ్చాను. తర్వాత రాతిపని చేసే ఒకాయన్ని తీసుకెళ్ళి మంచం నుంచి వాకిలి దాకా మూరెడు వెడల్పున బండల మీద ఉలితో గరుకుగా గాట్లు పెట్టించాను. రాతికి ముక్కిపోవడం తెలియదు కదా.

ఇంటికొచ్చిన దేవదానం చెప్పులు విడిచి, ఆ గరుకు మీద మెల్లగా వాకిలి దాకా వెళ్ళి, తిరిగొచ్చాడు. "గుచ్చుకుంటాండాది" అన్నాడు. ఇంకోసారి నడిచాడు.

ఆ తర్వాత ఎవరి తివాచీ తడిసినా ముందు దాని కింద నేల చూశాను. బ్యాకింగ్ పూర్తిగా ఆరందే ఇవ్వలేదు. బాగుపడనిదాన్ని మొదటిరోజే బాగుపడదన్నాను. ఆ మాటకు కోపమొచ్చి వేరే షాపుకు పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను ఎవర్నీ ఆపలేదు.