డాబా మీద గడిచిన దశాబ్దం

నా తెలివితక్కువతనంతోనే మొదలుపెడతాను, అందులో నాకు మంచి అనుభవం ఉంది. తొంభైల్లో చాలా ఏళ్లపాటు నా చేతిలో ఏదో మహత్తు ఉందని నమ్మాను. యాంటెన్నా పైపు నేను పట్టుకుంటే టీవీలో బొమ్మ వస్తుందని, వేరేవాళ్లు పట్టుకుంటే చీమలు వస్తాయని ఎరువుల కొట్టాయన చెప్పాడు. ఆయన ఫ్యాను కింద కూర్చుని చెప్పాడు, నేను ఎండలో నిలబడి విన్నాను. అప్పుడైనా అర్థం కావాల్సింది.

మా ఊరు టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. అప్పట్లో ఊరంతటికీ రంగుల టీవీ ఆయన ఇంట్లో ఒక్కటే. కోస్తా నుంచి వచ్చి, భూములు కొని, కొట్టు పెట్టి స్థిరపడ్డ కుటుంబం. ఊరి వరుసన నాకు బాబాయి. ఆయన హాల్లో వేసిన కుర్చీల వరుసలో మాత్రం నాకెప్పుడూ చోటు లేదు. గాలి కాస్త గట్టిగా వీస్తే పైపు తిరిగిపోయేది. అందుకని కార్యక్రమం అయిపోయేదాకా నన్ను డాబా మీదే ఉండమనేవాడు.

"వచ్చిందా బాబాయ్?"

"రాలేదురా. ఇంకొంచెం తిప్పు."

"ఇప్పుడు?"

"ఆఁ, వచ్చింది. అట్టాగే పట్టుకో, కదలమాక."

అట్లాగే పట్టుకుని దశాబ్దం దాటించాను. దూరదర్శన్‌లో దర్శనం వాళ్లకు, దూరం నాకు. శుక్రవారం పాటల్లో హీరోయిన్ ఏ రంగు చీర కట్టిందో తెల్లారి హోటల్లో వాదించుకుంటుంటే, ఇద్దరికీ తల ఊపేవాణ్ని. క్రికెట్‌లో ఎవరు అవుటయ్యారో కింద వినపడే నిట్టూర్పు పొడవును బట్టి చెప్పేవాణ్ని. ఓట్ల లెక్కింపు నాడు ఫలితాల మధ్య మధ్యలో సినిమా వేసేవారు. కింద కేక వినపడితే పడింది ప్రభుత్వమో విలనో నాకు తెలిసేది కాదు. సూర్యగ్రహణం రోజు చూస్తే కళ్లు పోతాయని ఊరంతా తలుపులు బిగించుకుని, ఆయన ఇంట్లో చేరి, టీవీలో గ్రహణం చూసింది. ఆ బొమ్మ చెదరకుండా అసలు గ్రహణం కింద నిలబడ్డవాణ్ని నేనొక్కణ్నే. పైకి చూడకుండా నా చెప్పులే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు ఫోన్‌లో మా ఊరి గ్రూపులో ఆయన వారానికోసారి ఆ రోజుల గురించి రాస్తాడు. "తరతమ భేదం లేకుండా ఊరందరినీ ఇంట్లో కూర్చోబెట్టి టీవీ చూపించాను" అంటాడు. కింద వరసగా దండాల బొమ్మలు. గూడెం నుంచి నడిచొచ్చినవాళ్లు కిటికీ ఊచల్లోంచి చూడటం, సీరియల్ మంచి పట్టులో ఉండగా ఆయన లేచి కిటికీ రెక్క వేసేయడం ఆ దండాలు పెట్టేవాళ్లలో సగం మందికి గుర్తుంది. అయినా పెడతారు. ఆ రోజులే వేరని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. వేరే, నిజమే. కూర్చున్నవాళ్లకు వేరు, నిలబడ్డవాళ్లకు వేరు.

రాష్ట్రమంతా తనను టీవీలో చూసిందని కూడా రాస్తాడు. అదీ కాదనను.

ఒక చలికాలం రైతుల కార్యక్రమం వాళ్లు జీపులో వచ్చారు. ఆదర్శ మిర్చి రైతుగా ఆయన పేరు ఎవరు రాశారో తెలియదు. ఆయన తోటంతా ఆకుముడత. మాది రోడ్డు పక్కనే ఎర్రగా కాసి ఉంది. ఆయన మా నాన్న దగ్గరికి వచ్చి, "మీ చేలో నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడతా. ఎవరి చేనైతే ఏముంది, ఊరికి పేరు" అన్నాడు.

"అవ్, దానికేంది" అన్నాడు నాన్న.

ఆయన మా సాళ్ల మధ్య నిలబడి, "నా అయిదెకరాల తోటలో" అని మొదలుపెట్టాడు. నాన్న గట్టు మీద నిలబడి విన్నాడు. తర్వాత కెమెరా పట్టుకున్నతను మందు కొట్టే మనిషి కావాలంటే ఖాళీ స్ప్రేయర్ నా వీపుకు తగిలించి నడిపించారు. కోతకొచ్చిన తోటకు లేని మందు కొట్టిన ఘనత నాది. "ముందు నువ్వు నడిచేది వేస్తాం, తర్వాత ఆయన మాటలు" అని చెప్పి వెళ్లిపోయారు.

ఒక్కసారే వేస్తారు. రికార్డు చేసుకునే సాధనం మా చుట్టుపక్కల ఎవరికీ లేదు. నన్ను నేను టీవీలో ఒక్కసారి చూసుకోవాలి. నెల ముందే బాబాయికి చెప్పుకున్నాను. "ఆ రోజు నీకు ముందు కుర్చీ" అన్నాడు.

ఆ సాయంత్రం కుసుమంచి నుంచి, తిరుమలాయపాలెం నుంచి ఆయన చుట్టాలు దిగారు. మా అమ్మ గడప పక్కన నేల మీద కూర్చుంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ మీద చెయ్యి వేశాను.

"నువ్వెక్కడికిరా? పైకి పో."

"నేను గూడ వస్తున్న గద బాబాయ్, టీవీల."

"నీ మొహం రోజూ అద్దంలో చూసుకుంటానే ఉన్నావుగా. అందులో వచ్చేదీ అదే మొహం. పోయి పైపు పట్టుకో."

చుట్టాలు నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. నేను మెట్లెక్కాను.

టీవీ టవరున్న కొత్తగూడెం వైపు తిప్పగానే బొమ్మ కుదిరింది. రెండు చేతులా పట్టుకున్నాను. గాలి వీచినా పైపును వెంట్రుకవాసి కదలనివ్వలేదు. కిటికీలోంచి సంగీతం, దాని మీద మా అమ్మ గొంతు వినపడ్డాయి.

"గీడే, మావోడే. సూడు ఎట్ల నడుస్తుండో."

"కెమెరా దిక్కే సూస్తుండు గదనే" అంది పక్కింటామె.

"సూడనీ. నీకేంది?"

అంతలో కింద, "నా అయిదెకరాల తోటలో" అని టీవీలో ఆయన గొంతు మొదలైంది. నేను పైపును నెమ్మదిగా అడవి వైపు తిప్పేశాను.

"పోయిందిరా. వెనక్కి తిప్పు."

తిప్పాను. "గిట్లనా బాబాయ్?"

"అటు కాదురా, ఇటు."

"ఇటంటే ఎటు? భద్రాచలం దిక్కా?"

"ఎటోకటు, జల్దీ తిప్పరా నాయనా" అని అరిచాడు. ఆ తొందరలో ఆయనకు మా భాష కూడా వచ్చేసింది. నేను వినయంగా అన్ని దిక్కులకూ తిప్పాను, కొత్తగూడెం దిక్కుకు తప్ప. ఆ నాలుగు ముక్కలు ఎంతసేపు పడతాయో నాకు తెలుసు. నెల రోజులుగా కొట్లో వచ్చినవాళ్లకల్లా ఆయన అవే చెబుతుంటే విని విని నోటికి వచ్చేశాయి. మనసులో చివరి ముక్క దాకా అప్పజెప్పుకుని, ఇంకో రెండు నిమిషాలు ఆగి, అప్పుడు సరిగ్గా తిప్పాను.

బొమ్మ అద్దంలా వచ్చింది. వాతావరణ విశేషాలు చెబుతున్నారు. నేను కిందికి దిగి, ఎవరినీ అడగకుండా అమ్మ పక్కన కూర్చుని, కోస్తాలో వర్షాలు పడే సూచనలు ఆఖరిదాకా చూశాను.